మాటల మూట: ఎక్స్‌టంట్

కిందటి ఉగాది సంచికలో 'నైస్' అనే మాట గురించి రాస్తే, "వచ్చేసారి ఏ మాట పట్టుకొస్తారు?" అని పిక్నిక్‌లో ఇద్దరు ముగ్గురు అడిగారు. వెతుక్కోనక్కర లేకుండా ఈసారి మాటను మా అమ్మాయే తెచ్చింది. "నాన్నా, ఎక్స్‌టంట్ అంటే ఏమిటి?" అంది. "ఉన్నది" అన్నాను, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా. ఆ జవాబు చాలదని నిఘంటువు తీశాక తెలిసింది.

మా డైనింగ్ టేబుల్ ఉంది. అయినా దాన్ని ఎక్స్‌టంట్ అనరు. పోయి ఉండవలసింది పోకుండా మిగిలితే, దానికి తగిన విశేషణం ఇది. ఎక్కువగా పాత గ్రంథాలకీ, రాతప్రతులకీ వాడతారు. లాటిన్‌లో 'ఎక్స్' అంటే బయటికి, 'స్టారే' అంటే నిలబడటం. మన 'స్థితి', 'స్థానం' మాటల్లో ఉన్న సంస్కృత ధాతువు 'స్థా'కు ఈ 'స్టారే' దగ్గర చుట్టం. 16వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో, పైకి పొడుచుకొచ్చినది అనే అర్థం కూడా ఉండేది. వరదలో తల మునగని బండరాయిని ఊహించుకోండి. (ఎంత మేర అని చెప్పే 'ఎక్స్‌టెంట్' వేరే మాట. నా నోట రెండూ ఒకేలా పలుకుతాయని మా అమ్మాయి ఫిర్యాదు.)

మన సాహిత్య చరిత్రల్లో దీని ఎదురుమాట తరచు కనిపిస్తుంది: అలభ్యం. చిన్ననాట మరుత్తరాట్చరిత్ర, నూత్న యౌవనంలో శాలివాహన సప్తశతి రాశానని శ్రీనాథుడు కాశీఖండం అవతారికలో చెప్పుకున్నాడు. ఆ రెండూ ఇవాళ దొరకవు. కాశీఖండం ఎక్స్‌టంట్. తాటాకును పురుగు తినేలోగా ఎవరో ఒకరు ఎత్తి రాసుకుంటేనే ఆ రోజుల్లో గ్రంథం బతికేది.

ఇదంతా ఉత్సాహంగా చెబుతుంటే, "మరి నాన్నమ్మ ఉత్తరాలో?" అంది అమ్మాయి.

మా అమ్మ పోయేదాకా పదిహేనేళ్ళు, నెలకు రెండు చొప్పున నీలం ఏరోగ్రాములు రాసేది. అంచుల దాకా, మడతల మీద కూడా. అపార్ట్‌మెంట్ నుంచి ఇల్లు మారినప్పుడు, ఇవన్నీ మోయడం ఎందుకని ఓ పెట్టెడు నేనే పారేశాను. ఏ చెదపురుగూ చెయ్యలేదు ఆ పని. మిగిలినవి ఒక చెప్పుల పెట్టెలో ఉన్నాయి. ఇద్దరం కూర్చుని లెక్కపెట్టాం. పదకొండు. ఒకదానిలో మాగాయ పెట్టే విధానం ముక్కలు ఎండబెట్టడం వరకూ రాసి, చోటు చాలక, "మిగతాది వచ్చే ఉత్తరంలో" అంది.

ఆ వచ్చే ఉత్తరం పదకొండింటిలో లేదు.