కాగితం చూస్తారు, కట్టు చూడరు

కోయంబత్తూరు నుంచి అవినాశి వైపు సాగే రోడ్డు మీద ఇప్పుడు పది కిలోమీటర్ల పైవంతెన ఉంది. 2025 అక్టోబరులో దాన్ని ప్రారంభించి ఆవిష్కర్త జి.డి. నాయుడి పేరు పెట్టారు. తెలుగింటి బిడ్డ పేరు తమిళనాడులోని కొంగునాట అంత పెద్ద కట్టడానికి నిలిచినందుకు మనకు సంతోషమే. మట్టి పరీక్షలు, డిజైన్లు, టెండర్లు అంటూ ఆ వంతెన కోసం ఏళ్లు గడిచాయి. ఇదే అవినాశి రోడ్డు మీద 2017 నవంబరులో ఎం.జి.ఆర్. శతజయంతి వేడుకకు కర్రలతో ఆర్చీ లేపారు. తెల్లవారుజామున బైకు మీద వెళ్తున్న ఒక యువ ఇంజనీరు దానికి గుద్దుకున్నాడు, ప్రాణం పోయింది. లారీ ఢీకొట్టిందని పోలీసులు చెప్పారు. అతన్ని చంపిందెవరని జనం ఆ రోడ్డు మీదే పెద్ద అక్షరాలతో రాసి అడిగారు.

నాలుగు రోజులుండే కట్టడానికి ఇంత హంగామా ఎందుకని మన అధికారులకూ, నిర్వాహకులకూ ఒక ధీమా. నిజానికి పక్కా భవనం కంటే పందిరే ప్రమాదం. దానికి పునాది ఉండదు, కప్పు ఇట్టే అంటుకుంటుంది, కరెంటు తీగ ఎక్కడో అతికించి లాగింది. పైగా భవనంలోకి జనం విడతలుగా వస్తారు, పందిట్లోకి ముహూర్తం వేళకు ఒక్కసారే వచ్చి పడతారు.

తంజావూరు పెద్దగుడిలో 1997 జూన్ 7న కుంభాభిషేకం కోసం వేసిన యాగశాల పందిరికి నిప్పంటుకుని 40 మందికి పైగా చనిపోయారు. వెయ్యేళ్ల రాతిగుడి చెక్కుచెదరలేదు, చంపింది నిన్నగాక మొన్న వేసిన తడకల కప్పు. 2004 జనవరిలో శ్రీరంగంలో ఒక కల్యాణ మండపం మేడ మీద వేసిన పందిరి అంటుకుని పెళ్లికొడుకుతో సహా 50 మందికి పైగా పోయారు. అక్కడ మండపానికి లైసెన్సు ఉందా లేదా అన్నది రెండో ప్రశ్న. మేడ మీద పందిరి వేస్తుంటే వచ్చి చూడాల్సింది ఎవరన్నదే మొదటి ప్రశ్న, దానికి ఇవాళ్టికీ సూటి జవాబు లేదు.

నియమాలు లేక కాదు. తాత్కాలిక కట్టడాలకూ పందిళ్లకూ భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 8758 అని ప్రత్యేకంగా ఒక ప్రమాణమే రాసిపెట్టింది. కప్పు కనీసం 3 మీటర్ల ఎత్తుండాలి, కరెంటు తీగల కింద కట్టకూడదు, సింథటిక్ గుడ్డ వాడకూడదు. 2018లో తమిళనాడు ప్రభుత్వం వినాయక చవితి పందిళ్లకు పోలీసు, అగ్నిమాపక, విద్యుత్ శాఖల నుంచీ, స్థలం ఎవరిదైతే వారి నుంచీ సమ్మతి తెమ్మంది. ఆంధ్రప్రదేశ్‌లో అదే పనికి ఆన్‌లైన్‌లో ఒకే కిటికీ తెరిచారు. తిరుగుడు తగ్గింది, మంచిదే.

కానీ ఆ సమ్మతులన్నీ ఎప్పుడు ఇస్తారు? మైదానం ఖాళీగా ఉన్నప్పుడు. అగ్నిమాపక అధికారి సంతకం పెట్టే నాటికి అక్కడ ఒక గుంజ కూడా పాతి ఉండదు. పందిరి లేచేది ముందు రోజు రాత్రి. మైకుసెట్టు కుర్రాడు తీగలు లాగేది ఆ తర్వాత. దాతల పేర్లతో ఫ్లెక్సీలు వచ్చి, బయటికి పోయే దారికి అడ్డంగా కూర్చునేది పొద్దున్నే. పెళ్లిపందిట్లో మొదటి రాటకు ముహూర్తం పెట్టించి పసుపుకుంకుమలు పూస్తాం, ఆఖరి ముడి బిగిసిందో లేదో చూసే నాథుడు ఉండడు.

ఇంకో లోపం, నా దృష్టిలో ఇదే పెద్దది. దరఖాస్తులో నిర్వాహకుడి పేరుంటుంది, స్థలం వివరం ఉంటుంది. పందిరి కట్టిన కాంట్రాక్టరు ఎక్కడా కనిపించడు. మీరట్‌లో 2006 ఏప్రిల్ 10న ప్రదర్శన డేరాలు తగలబడి 65 మంది చనిపోయారు. నిర్వాహకులు తప్పు కాంట్రాక్టరు మీదికి నెట్టబోతే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. నిర్వాహకులది 60 శాతం, ప్రభుత్వానిది 40 శాతం బాధ్యతని 2022లో తేల్చింది. పదహారేళ్లు పట్టింది. మన సింహాచలంలో 2025 ఏప్రిల్ 30న చందనోత్సవం క్యూలో ఏడుగురి మీద కూలి ప్రాణాలు తీసింది డేరా కాదు, గోడ. అదీ పండుగ ముంచుకొస్తోందని హడావిడిగా లేపిందే. కట్టించింది ప్రభుత్వ యంత్రాంగమే.

అవినాశి చుట్టుపక్కల తెలుగు మాట్లాడే అరుంధతీయుల వీధుల్లో మారియమ్మన్ జాతరకు వేసే చిన్న పందిరికి కూడా నాలుగు ఆఫీసులు తిప్పితే ఎలా అని అడగొచ్చు. న్యాయమైన మాట. అలాంటి వాటికి స్థానిక సంస్థకు ఒక్క సమాచార పత్రం చాలు. వందల మంది కూర్చునే పందిరికీ, రోడ్డుకు అడ్డంగా లేచే ఆర్చీకీ మాత్రం లెక్క వేరుండాలి. కట్టేవాడికి రిజిస్ట్రేషన్ ఉండాలి, అతని పేరు పందిరి గుంజకే వేలాడాలి. ఖాళీ మైదానానికి ఇచ్చే సమ్మతి ప్రాథమికమే కావాలి. కట్టడం పూర్తయ్యాక, జనం రాకముందు, ఒక ఇంజనీరూ ఒక విద్యుత్ ఉద్యోగీ వచ్చి చూసి సంతకం చేస్తేనే తుది అనుమతి. అందుకు కొత్త చట్టం అక్కర్లేదు, ఒక ప్రభుత్వ ఉత్తర్వు సరిపోతుంది. అవినాశి లింగేశ్వరుడి చిత్తిరై మాసపు తేరుకు ఏటా జనం పోటెత్తుతారు, పందిళ్లూ ఆర్చీలూ లేస్తాయి. అవినాశి ఉన్న తిరుప్పూరు జిల్లా యంత్రాంగం ఈ పద్ధతిని వచ్చే తేరు నుంచే మొదలుపెట్టాలి.