పాత మినీ ట్రక్కుకు కొత్త లెక్క

న్యూఢిల్లీ: పాత మినీ ట్రక్కు కొనదలచిన చిరువ్యాపారులు ఇప్పుడు బేరాన్ని మళ్లీ మొదటి నుంచి లెక్క వేసుకోవలసి ఉంది. సరకు రవాణా వాహనాలపై జి.ఎస్.టి.ని 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించడమే ఇందుకు కారణం. పన్ను కాక అయిదు లక్షల రూపాయల ధర ఉన్న కొత్త బండిపై పన్ను భారం 50 వేల రూపాయలు తగ్గింది. పాత బండికి అంతకుముందటి ధరే చెల్లిస్తే, ఈ తగ్గింపు ప్రయోజనం కొనుగోలుదారుకు దక్కనట్లే.

అయితే ధర ఒక్కటే గీటురాయి కాజాలదు. 2005లో వచ్చిన టాటా ఏస్ సుమారు ముప్పావు టన్ను మోసే బండి. 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్ టన్నుకు పైగా మోస్తుంది. చౌకగా వస్తున్నదని చిన్న బండి కొని అధిక బరువు వేస్తే కమాన్లు, క్లచ్ త్వరగా దెబ్బతింటాయి. ఎనిమిదేళ్లు దాటిన వాహనానికి ఫిట్‌నెస్ పరీక్ష ఏటా తప్పనిసరి కావడం గమనార్హం. పరీక్ష జరిగిన రోజు కిరాయి ఉండదు.

కాగా, అప్పుపై కొన్న బండి అయితే, ఫైనాన్స్ సంస్థ నిరభ్యంతర పత్రం ఇచ్చి, రిజిస్ట్రేషన్ పుస్తకంలో తాకట్టు రద్దయ్యే వరకు పూర్తి సొమ్ము చెల్లించకపోవడమే క్షేమం. లేనిపక్షంలో పాత యజమాని ఎగవేసిన వాయిదాలకు కొత్త యజమాని బండిని పోగొట్టుకునే ప్రమాదం ఉంది.