ఊరికే వచ్చిన బోర్డు

పాడైన మిక్సీ పట్టుకుని, బాగుచేసే కొట్టు కోసం మొన్న ఒకే వీధిలో మూడుసార్లు తిరిగాను. ఫోన్లో మ్యాపు చూస్తే వచ్చేశారంటోంది. కళ్ళెదుట ఫ్యాన్ల కంపెనీ బోర్డు తప్ప ఏమీ లేదు. టీకొట్టు కుర్రాణ్ణి అడిగితే నవ్వి, ఆ బోర్డు కిందికే వేలు చూపించాడు. దగ్గరికెళ్తే తేలింది: ఫ్యాను బొమ్మ పక్కన, బెత్తెడు జాగాలో 'శ్రీ లక్ష్మీ వేంకటేశ్వర ఎలక్ట్రికల్స్'. మిక్సీ అన్న మాటే లేదు.

"బోర్డు మార్పించకూడదా?" అన్నాను కొట్టు యజమానితో.

"కంపెనీవాళ్ళు ఊరికే ఇచ్చారు సార్. అయినా ఈ పేటలో మనల్ని ఎరగనివాళ్ళెవరు?"

ఎరగనివాణ్ణి ఆయన ముందే నిలబడి ఉన్నాను.

ఎరిగినవాళ్ళకు బోర్డుతో పనిలేదు. కళ్ళు మూసుకునైనా వచ్చేస్తారు. వ్యాపారం పెరగాలంటే రావాల్సింది కొత్తవాళ్ళు, బోర్డు ఉన్నది వాళ్ళ కోసమే. ఆ జాగాను మన చిన్న దుకాణదారులు కంపెనీలకు అప్పనంగా అప్పగిస్తున్నారు. హోర్డింగు ఎక్కాలంటే అద్దె కట్టే కంపెనీ, ఇక్కడ ఒక రేకు ముక్క ఇచ్చి ఏళ్ళ తరబడి ప్రచారం చేయించుకుంటోంది. ఊరికే వచ్చిన బోర్డు ఖరీదు అదీ!

సొంత బోర్డు పెట్టుకున్నవాళ్ళ తంతు మరొకటి. దేవుడు పెద్దక్షరాల్లో, చేసే పని చీమ తలకాయంత అక్షరాల్లో. భక్తిని కాదనను. కానీ పేటకు నలుగురు వేంకటేశ్వరులున్నప్పుడు, మిక్సీ బాగుచేసే వేంకటేశ్వరుడెవరో తెలిసేదెలా?

చిన్న లెక్క చూడండి. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయే బండి 80 అడుగుల దూరాన్ని మూడు సెకన్లలో దాటేస్తుంది. ఆ మూడు సెకన్లలో కంటికి అందేది మూడు నాలుగు మాటలే. పది అడుగుల దూరానికి అంగుళం చొప్పున అక్షరం ఎత్తు ఉండాలన్నది బోర్డుల పనివాళ్ళ ఉజ్జాయింపు. అంటే 80 అడుగుల నుంచి చదవాలంటే ఎనిమిది అంగుళాలు. పైన గుడి, కింద వత్తు ఉండే తెలుగుకు ఇంకాస్త చోటు కావాలి. ఇంగ్లీషు కొలతకు కుదించి కొడితే 'లక్ష్మీ' కాస్తా ముద్దయిపోతుంది. తెలుగు పైన, మిగతా భాషలు కింద ఉండాలని 1988 నాటి దుకాణాల చట్టం కింద చేసిన నియమాలు చెబుతూనే ఉన్నాయి. చట్టం సంగతి అలా ఉంచినా, వచ్చేవాడు చదివే భాషలో పిలవడం వ్యాపార ధర్మం.

ఫ్లెక్సీలు రాకముందు పెయింటర్లకు ఇదంతా చేతిలో ఉండేది. సుద్ద పూసిన దారం లాగి కొట్టి గీత వేసుకునేవారు. రెండక్షరాలు దిద్ది, కుంచె నోట కరుచుకుని రోడ్డు అవతలికెళ్ళి చూసొచ్చేవారు. ఫ్లెక్సీ కుర్రాడు కంప్యూటరు ముందునుంచి లేవడు. పది రంగులు, అయిదు బొమ్మలు, మూడు ఫోన్ నంబర్లు నింపేస్తాడు. రెండు ఎండాకాలాలు తిరిగేసరికి అదీ వెలిసిపోతుంది.

బోర్డు ఒక్కటే కొట్టును నిలబెడుతుందని అనడం లేదు. పని బాగోకపోతే పేరు గొప్ప ఊరు దిబ్బే. బోర్డు మొదటిసారి రప్పిస్తుంది, రెండోసారి రప్పించాల్సింది పనితనం. మా మిక్సీ మాత్రం అరగంటలో గిర్రున తిరిగింది. అంత పనివాడు ఫ్యాను బొమ్మ వెనక దాక్కున్నాడే అన్నదే నా బాధ.

డబ్బిచ్చి, "ఒక్క నిమిషం రండి" అని ఆయన్ని రోడ్డు అవతలికి తీసుకెళ్ళాను. చేతులు తుడుచుకుంటూ కాసేపు తన కొట్టుకేసే చూశాడు.

"పన్నెండేళ్ళయింది సార్ షాపు పెట్టి. ఇక్కడ నిలబడి ఎప్పుడూ చూళ్ళేదు" అన్నాడు.

– సంచారి