చెప్పువారు లేని టీకా

కీడును ముందే తొలగించు సాధనము చేతికందియుండగా, దానిని గూర్చి చెప్పువారు లేక కష్టముల పాలగుట కంటె విచారకరము వేఱొకటి గలదా? లూపస్ వ్యాధితో బాధపడు స్త్రీల విషయమున నేడు జరుగుచున్నది ఇదియే.

శరీరమును రక్షింపవలసిన శక్తి శరీరము మీదనే తిరుగబడుట లూపస్ లక్షణము. దీనికి గుఱియగు పదుగురిలో దాదాపు తొమ్మండుగురు స్త్రీలు. అందును సంతానయోగ్యమగు వయస్సు గలవారే యెక్కువ. ఆ తిరుగుబాటు నణచుటకు సైక్లోఫాస్ఫమైడ్, అజాథియోప్రిన్ మొదలగు మందుల నిత్తురు. అవి ప్రాణమును నిలుపును, కాని హెచ్.పి.వి. యను వైరస్‌ను తఱిమివేయు బలమును గూడ తగ్గించును. అందువలన నీ స్త్రీలలో గర్భాశయ ముఖమున క్యాన్సర్‌కు పూర్వరూపములగు మార్పులు ఇతరులలో కంటె నెక్కువగా కనబడుచున్నవి. 2022లో మన దేశమున 1,27,000 మందికి పైగా స్త్రీలకు ఈ క్యాన్సర్ సోకినదనియు, దాదాపు 80,000 మంది మరణించిరనియు అంచనా.

ఇట్టివారికి టీకా ముందుగా అందవలసియుండగా, పెక్కు దేశములలో అందుచున్నది స్వల్పమే. కారణమేమి? కీళ్లవైద్యుడు ఇది స్త్రీవైద్యుల పని యనుకొనును. స్త్రీవైద్యురాలు లూపస్ పేరు విని వెనుకాడును. టీకాచే వ్యాధి చెలరేగునని రోగి భయపడును. కాని యీ టీకాలో సజీవ వైరస్ లేదు. దాని పైపొరను బోలిన మాంసకృత్తు మాత్రమే కలదు. 2013లో ప్రకటితమైన హాంకాంగు పరిశోధనలో, వ్యాధి నిలకడగా నున్న స్త్రీలకు టీకా నీయగా వ్యాధి పెచ్చరిల్లలేదు. 2019లో ఐరోపా కీళ్లవ్యాధుల సంఘమును, 2022లో అమెరికా సంఘమును ఇట్టి రోగులకు టీకాను సూచించినవి.

మన తెలుగునాట ఈ టీకా పేరెత్తగనే ఖమ్మము జ్ఞప్తికి వచ్చును. 2009లో అచ్చటి బాలికలకు టీకాలు వేసిరి. వారిలో పెక్కురు గిరిజనులు. కొందరు మరణింపగా 2010లో ఆ కార్యక్రమమును నిలిపివేసిరి. మరణములకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. కాని తలిదండ్రులకు మాఱుగా వసతిగృహాధికారులు అనుమతి పత్రములపై సంతకములు చేసిన తీరును 2013లో పార్లమెంటు స్థాయీసంఘము తీవ్రముగా గర్హించినది. ఆ గర్హణ న్యాయమైనదే. తెలియక యిచ్చిన సమ్మతి సమ్మతి కాదు. అట్లే, తెలియజేయబడనివారి మౌనమును నిరాకరణమని యెంచుటయు న్యాయము కాదు. ఖమ్మము నేర్పిన పాఠము టీకాను విడనాడుమని కాదు. మనిషికి చెప్పి, అడిగి, పిమ్మట వేయుమని.

కావున మేము కోరునది స్వల్పము. లూపస్ రోగిని చూచు ప్రతి వైద్యుడును ఈ మాటను తానే యెత్తి, ఆమె భాషలో వివరించి, చీటిపై వ్రాయవలెను. బలమైన మందులు మొదలిడుటకు ముందే వేయించుట మేలు. గర్భిణి యైనచో ప్రసవము వఱకు ఆగవలెను. రోగనిరోధక శక్తి తగ్గినవారికి మూడు మోతాదులు కావలెను. వయస్సు మీఱిన కొలది ఫలము తగ్గును. టీకా పొందినను గర్భాశయ ముఖ పరీక్ష మానరాదు. పుణెలో తయారగు టీకాకు 2022లోనే అనుమతి లభించినది. దానిని ఈ రోగులకు సర్కారు ఆసుపత్రులలో ఉచితముగా నిచ్చుట ప్రభుత్వముల విధి.

వ్యాధిని భరించుటయే ఈ సోదరీమణులకు పెద్ద భారము. నివారింపదగిన రెండవ భారమును మన యుపేక్ష వారిపై మోపరాదు.