మలేరియా టీకా వచ్చింది.. అయినా మొదటి 24 గంటలే కీలకం

వానలు మొదలయ్యాయంటే నైజర్, మాలి, ఉత్తర నైజీరియా పల్లెల్లో తల్లులకు ఒకటే దిగులు. పిల్లాడి ఒళ్లు కాలిపోతుంటే అది మామూలు జ్వరమా, మలేరియానా? ముస్లింలు ఎక్కువగా ఉండే ఈ సాహెల్ ప్రాంతంలో ఇది ఏటా తప్పని పరీక్ష.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2023లో 26 కోట్ల మందికి పైగా మలేరియా సోకింది. దాదాపు 5 లక్షల 97 వేల మంది చనిపోయారు. ఈ మరణాల్లో 95 శాతం ఆఫ్రికాలోనే. అక్కడ చనిపోయిన ప్రతి నలుగురిలో ముగ్గురు ఐదేళ్లలోపు పిల్లలే. ఎందుకంటే పదేపదే మలేరియా సోకిన పెద్దవాళ్లకు కొంత తట్టుకునే శక్తి వస్తుంది. పసిపిల్లలకు అది ఉండదు. ఫాల్సిపారం రకం సోకి, 24 గంటల్లో మందు పడకపోతే రక్తం పడిపోవడం, మూర్ఛలు, స్పృహ తప్పడం దాకా వెళ్తుంది.

ఇప్పుడు రెండు టీకాలు అందుబాటులోకి వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఆర్‌టీఎస్,ఎస్ టీకాను, 2023లో ఆర్21 టీకాను సిఫారసు చేసింది. 2024 జనవరిలో కామెరూన్ పిల్లలకు వేయడం మొదలుపెట్టింది. ఆర్21ను పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారు చేస్తోంది. మొదటి టీకా తయారీ బాధ్యత క్రమంగా మన హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్‌కు వస్తోంది. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది కూడా మన సికింద్రాబాద్‌లోనే.

మరి టీకాతో సమస్య తీరినట్టేనా? లేదు. ఘనా, కెన్యా, మలావీలలో ముందుగా వేసి చూసినప్పుడు పిల్లల మరణాలు 13 శాతం తగ్గాయి. ఇది చిన్న విషయం కాదు. కానీ టీకా మొదటి ఏడాదిలో సగానికి పైగా కేసులను ఆపినా, తర్వాత దాని బలం తగ్గుతుంది. అందుకే నాలుగు డోసులు కావాలి. పిల్లను ఎత్తుకుని దూరాన ఉన్న ఆస్పత్రికి నాలుగుసార్లు వెళ్లడం పల్లె తల్లికి తేలిక కాదు.

కాబట్టి పాత పద్ధతులను వదలడానికి లేదు. మందు పట్టించిన దోమతెర, సాహెల్‌లో వానాకాలం నెలనెలా పిల్లలకు ముందుజాగ్రత్తగా ఇచ్చే మాత్రలు, వేలిపై చుక్క రక్తంతో పావుగంట, ఇరవై నిమిషాల్లో తేల్చే పరీక్ష, ఆర్టిమిసినిన్ కలిసిన మందులు. ఇవన్నీ ఊళ్లోనే ఉండే ఆరోగ్య కార్యకర్త చేతిలో ఉంటే పిల్లాడు బతుకుతాడు. ఐదు కిలోల లోపు శిశువులకు ప్రత్యేక మందు కూడా 2025 జులైలో స్విట్జర్లాండ్‌లో ఆమోదం పొందింది. అంతకుముందు పెద్ద పిల్లల మందునే వాళ్లకు సర్దేవారు.

అసలు చిక్కు డబ్బు దగ్గర వచ్చింది. 2025లో అమెరికా విదేశీ సాయం తగ్గించింది. పేద దేశాలకు టీకాలు అందించే గావి సంస్థకు నిధులు ఆపేస్తామని అదే ఏడాది జూన్‌లో ప్రకటించింది. ఆర్‌టీఎస్,ఎస్ డోసు ధరను 2028 నాటికి 5 డాలర్ల లోపుకు తెస్తామని తయారీ సంస్థలు చెప్పాయి. కానీ ధర తగ్గినంత మాత్రాన సరిపోదు. దాన్ని ఊరిదాకా మోసుకెళ్లే మనిషికి జీతం ఎవరిస్తారు?

ఈ పాఠం మన అల్లూరి జిల్లా, భద్రాచలం ఏజెన్సీ గూడేలకూ వర్తిస్తుంది. మన దేశంలో పిల్లలకు వేసే టీకాల్లో మలేరియా టీకా లేదు. ఇక్కడ పిల్లలకు రక్ష దోమతెర, ఆశా కార్యకర్త, రక్తపరీక్షే. జ్వరం వచ్చిన రోజే పరీక్ష చేయించాలి. తగ్గిందని మాత్రలు మధ్యలో మానకూడదు. ‘రేపు చూద్దాంలే’ అనుకోవడమే అన్నిటికంటే ప్రమాదం.