బుల్లి తాబేలుకి దారివ్వండి

పిల్లలకి జంతువుల్ని చూపించాలంటే విశాఖ జూకో హైదరాబాద్ జూకో బయల్దేరతాం. బందరు, గుడివాడ వాళ్లకి అంత దూరమెందుకు? దివిసీమలో, కృష్ణమ్మ సముద్రంలో కలిసే హంసలదీవి దగ్గరే పాలకాయతిప్ప ఉంది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరానికొచ్చి ఇసుకలో గుంట తవ్వి నూరు దాకా గుడ్లు పెడతాయి. నక్కలూ కుక్కలూ తినేయకుండా అటవీశాఖ వాళ్లు వాటిని ఏరి, కంచె వేసిన ఇసుకలో పాతిపెడతారు. 45 నుంచి 60 రోజులకి పిల్లలొస్తాయి. వాటిని సముద్రంలోకి వదిలే రోజు ముందుగా కనుక్కుని, అనుమతి తీసుకుని వెళ్లండి.

అరచేతిలో పట్టే ఆ పిల్లని చూడగానే మీవాడు 'ఇంటికి తీసుకెళ్దాం నాన్నా' అంటాడు. అక్కడే మనం కాస్త గట్టిగా ఉండాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరమని చెప్పండి. చట్టం సంగతి అర్థంకాని వయసైతే, 'వాళ్లమ్మ ఇల్లు సముద్రం' అంటే చాలు. అది తనంతట తానే పాకాలి. వెలుతురును బట్టి నీళ్లవైపు వెళ్తుంది కాబట్టి, ఫోను లైటు వేస్తే దారి తప్పుతుంది.

వెయ్యింటిలో ఒక్కటే పెరిగి పెద్దదవుతుందంటారు. ఆ ఒక్కటీ మీవాడు చేతులు కట్టుకుని దారిచ్చినదే కావచ్చు!