దివిటీల ముందు ఏ ఫిల్టర్?

కర్నూలు జిల్లా దేవరగట్టులో విజయదశమి రాత్రి కర్రల సమరం. మాళమల్లేశ్వర స్వామి ఉత్సవ విగ్రహాలను దక్కించుకోవడానికి ఊళ్లకు ఊళ్లు కర్రలు, దివిటీలతో కదిలితే, ఆ గుంపంతా ఒకే ఫొటోలో పట్టాలంటే వైడ్ యాంగిల్ లెన్సే దిక్కు. మరి దాని ముందు ఏ గాజు బిగించాలి?

పగలు కొండను తీయడానికి పోలరైజర్ బాగుంటుంది. బండల మీద మెరుపు తగ్గుతుంది, ఆకాశం చిక్కనవుతుంది. అయితే ఆ చిక్కదనం సూర్యుడికి 90 డిగ్రీల దిశలోనే ఎక్కువ. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాపై 16 మి.మీ. లెన్స్ అడ్డంగా దాదాపు 97 డిగ్రీలు చూస్తుంది. దాంతో ఒకచోట ముదురు నీలం, పక్కన వెలిసిన నీలం... సరిగా అద్దకం పడని చీరే! రింగు సగమే తిప్పితే కొంత నయం. అంచు పలుచగా ఉన్నదే కొనండి, లేదంటే మూలలు నల్లబడతాయి. ఫిల్టర్ మీద ఫిల్టర్ బిగించినా అదే తంటా.

పొద్దువాలగానే పోలరైజర్ సంచిలోకే. వెలుతురులో మూడో వంతో, నాలుగో వంతో మాత్రమే వదిలే అద్దం రాత్రికి దండగ.

అసలు చిక్కు రక్షణ ఫిల్టర్‌తో. సెన్సర్ మీద పడ్డ దివిటీ వెలుగు వెనక్కి మళ్లి, ఫిల్టర్‌కు తగిలి మళ్లీ లోపలికొస్తుంది. ఫొటోలో ఎదురు మూలన లేని దివిటీ వెలుగుతుంది. మల్టీకోటెడ్ రకంలో ఇది తక్కువే గానీ బొత్తిగా పోదు. గుంపుకు దూరంగా, ఎత్తున నిలబడితే తీసేయండి. దుమ్ము, నిప్పురవ్వలు వచ్చేచోట ఉంచండి. ఇనుప కట్ల కర్రను మాత్రం ఏ గాజూ ఆపదు. పైగా వైడ్ లెన్స్‌లో అన్నీ దూరంగా కనిపిస్తాయి. పది అడుగుల్లో ఉందనిపించే కర్ర నాలుగడుగుల్లోనే ఉండొచ్చు.